కాటన్‌పేట అవ్వ గుండె

స్కూలు పరుగు పందెంలో రమ్య సగం దూరం పోయాక పడిపోయింది. కాలికి ఏదీ తగల్లేదు, నేల జారలేదు. అందరికంటే ముందు పరుగెడుతున్న పిల్ల ఉన్నట్టుండి తూలి, మట్టిలోకి ఒరిగిపోయింది. కాసేపటికి కళ్ళు తెరిచి తానెక్కడున్నానని అడిగింది. ఎండకు కళ్ళు తిరిగాయన్నారు టీచర్లు.

కాటన్‌పేటలో బట్టల అంగడి నడిపే ఆమె తండ్రి కృష్ణప్ప మాత్రం ఆ కబురు వినగానే అంగడి మూసి పిల్లను గుండె డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. కొన్నేళ్ళ కిందట అతని తమ్ముడు యశ్వంత్ కూడా ఇలాగే, మెజెస్టిక్ బస్టాండులో కదిలిన బస్సు వెంట పరుగెత్తి పడిపోయాడు. కాలేజీ చదువుతున్న కుర్రాడు. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

గుండె డాక్టరు శ్రీనివాసులు యశ్వంత్ సంగతి వినగానే జన్యు పరీక్ష రాశాడు. గుండె కణాల్లో కాల్షియాన్ని అదుపులో ఉంచే ఒక జన్యువులో, రమ్యకు ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారి ఉంది. కానీ ఆ మార్పు అంతకు ముందు ఎవరిలోనూ కనబడినట్టు ఎక్కడా రాసిలేదు. పైగా అదే మార్పు కృష్ణప్పలోనూ ఉంది, అతని తల్లి పద్మావతమ్మలోనూ ఉంది. కృష్ణప్ప పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంగడిలో కూర్చునే మనిషి, ఏ జబ్బూ ఎరగడు. పద్మావతమ్మ అరవై దాటినా రెండు చేతుల్లో రెండు కూరగాయల సంచులతో మార్కెట్ నుంచి నడిచి వస్తుంది.

"నా అనుమానం ఈ మార్పు మీదే. పాపకు మాత్ర మొదలుపెడదాం. అయితే జీవితాంతం వేసుకోవాలి" అన్నాడు డాక్టరు.

"అనుమానమా సార్, ఖాయమా?"

"ఖాయమని రాసివ్వలేను."

"ఖాయం కానిదానికి బిడ్డతో బతుకంతా మాత్రలు మింగించాల్నా? మా అమ్మ బాగుండాది, నేను బాగుండా. మాకు లేని రోగం బిడ్డకు యాడినుంచి వస్తాది?" అని కృష్ణప్ప లేచి వచ్చేశాడు.

మాత్ర వద్దన్నాడు గానీ భయం అతన్ని వదల్లేదు. రమ్యకు ఆటలు మాన్పించాడు. మేడ మీది క్లాసు నుంచి కింది క్లాసుకు మార్పించాడు. స్కూలు బ్యాగు తానే మోసుకుంటూ గేటు దాకా దింపి వచ్చేవాడు. స్నేహితురాళ్ళు నవ్వితే పిల్ల తల దించుకునేది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నాయనా, నేను పడిపోయింది ఒక్కసారే. నువ్వు దినమూ పడగొడతా ఉండావు" అంది. కృష్ణప్ప సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

డాక్టరు శ్రీనివాసులు కూడా ఆ విషయాన్ని వదిలెయ్యలేదు. ఊరికి ఉత్తరాన ఒక పరిశోధన సంస్థలో గుండె కణాల మీద పనిచేసే ప్రొఫెసర్ స్టాన్లీకి ఫోన్ చేశాడు. స్టాన్లీ తన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అర్పితను కాటన్‌పేటకు పంపాడు. అర్పితది దొడ్డబళ్ళాపురం. వాళ్ళింట్లో మగ్గాలున్నాయి, ఇంట్లో వాళ్ళు మాట్లాడేదీ కృష్ణప్పవాళ్ళ తెలుగే.

అంగడి పైనున్న ఇంట్లో అర్పిత వచ్చిన పని చెప్పింది.

"రెండు చెంచాల రక్తం చాలు అవ్వా. అందులో ఉండే కణాలను వెనక్కి తిప్పుతాము, నువ్వు మీ అమ్మ కడుపులో పడినప్పుడు ఎట్ల ఉంటివో అట్ల. ఆ తర్వాత వాటిని గుండె కణాలుగా పెంచుతాము."

"అంటే నా గుండెను ఆడ ఇంగొకటి చేస్తారా?" అంది పద్మావతమ్మ.

"గుండె కాదవ్వా. చిన్న గాజు పళ్ళెంలో అడుగున పలచని పొర. అంతే."

"కొట్టుకుంటాదా?"

"బాగా పెరిగితే కొట్టుకుంటాది."

పద్మావతమ్మ చీర కొంగు సర్దుకుని చెయ్యి చాపింది. "నాదే ముందు తీసుకో. అప్పుడు బిడ్డ భయపడదు."

ఆ వెనకే రమ్య కూడా చెయ్యి చాపింది. కృష్ణప్ప కూతురిని వద్దనలేదు గానీ తన చెయ్యి మాత్రం ఇవ్వలేదు. అంగడిలో గిరాకీ ఉందని కిందికి దిగిపోయాడు.

పని నెలల తరబడి సాగింది. అర్పిత ఆదివారాలు కూడా ల్యాబ్‌కు పోయి కణాలకు ఆహారంగా వేసే ద్రవం మార్చి వచ్చేది. పని సగంలో ఉండగా, కణాలను పెంచే ఇంక్యుబేటర్‌లో బూజు పట్టింది. రమ్య కణాలున్న పళ్ళేలన్నీ పారెయ్యవలసి వచ్చింది. ఆ పళ్ళేలను సంచిలో వేసి మూతి కట్టాక అర్పిత మెట్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. స్టాన్లీ వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు. "ఫ్రీజర్‌లో దాచిన రక్త కణాలు మిగిలి ఉన్నాయి కదా. కాఫీ తాగి మళ్ళీ మొదలుపెట్టు. నా పీహెచ్‌డీలో అయితే దాచుకున్నది కూడా లేదు" అన్నాడు. ఆమె కాఫీ తాగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

ఒక పొద్దున మైక్రోస్కోపు కింద పద్మావతమ్మ కణాలు కదిలాయి. మొదట తన చెయ్యి తగిలిందేమో అనుకుంది అర్పిత. చేతులు వెనక్కి కట్టుకుని మళ్ళీ చూసింది. పొర మొత్తం ఒక్కసారిగా ముడుచుకుని వదులవుతోంది. కొన్నాళ్ళకు రమ్య కణాలూ అదే పని చేశాయి. మామూలుగా ఉన్నప్పుడు రెండూ చక్కగా కొట్టుకుంటున్నాయి.

అసలు పరీక్ష ఆ తర్వాతే. మనిషి పరుగెత్తినప్పుడు, భయపడినప్పుడు ఒంట్లో ఊరే హార్మోను లాంటి మందును అర్పిత పళ్ళేల్లో చుక్కలుగా వేసింది. కాల్షియం కదిలినప్పుడల్లా మెరిసే రంగును ముందే కలిపి ఉంచింది. రమ్య కణాలు వేగం పుంజుకున్నాయి, అంతలోనే లయ తప్పాయి. ఒకచోట రెండుసార్లు మెరిస్తే ఇంకోచోట అసలు మెరవలేదు. వాటి పక్కనే ఇంకో పళ్ళెం ఉంది. అవీ రమ్య కణాలే, కానీ వాటిలో మారిన ఆ ఒక్క అక్షరాన్ని అర్పిత సరిచేసి పెట్టింది. అవి వేగంగా కొట్టుకున్నాయే గానీ ఎక్కడా లయ తప్పలేదు.

అర్పిత గుండె కూడా వేగంగానే కొట్టుకుంటోంది. తప్పు ఆ అక్షరానిదేనని కళ్ళ ముందు తేలిపోయింది. ఇక మిగిలింది పద్మావతమ్మ పళ్ళెం. ఆ మనిషి ఆరోగ్యంగా ఉంది కాబట్టి ఆమె కణాలు తట్టుకుంటాయని అర్పిత అనుకుంది. అవి కూడా మనవరాలి కణాల్లాగే చెదిరిపోయాయి.

మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

"సార్, కణాలు చెప్పేది నిజమైతే ఆమె ఎప్పుడో పోయి ఉండాలి. ఆమె చూస్తే సంచులు మోస్తోంది. కృష్ణప్ప అడిగేది ఇదే. నా దగ్గర జవాబు లేదు" అంది స్టాన్లీతో.

స్టాన్లీ ఆ మెరుపుల వీడియో రెండుసార్లు చూశాడు. "కణాలూ నిజమే చెబుతున్నాయి, ఆ అవ్వా నిజమే చెబుతోంది. మనం అడగనిది ఏదో ఉంది. వెళ్ళి అడుగు" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే అర్పిత కాటన్‌పేట పోయింది. పద్మావతమ్మ బట్టలు మడత పెడుతోంది. రమ్య స్కూలు నుంచి అప్పుడే వచ్చింది.

"అవ్వా, చిన్నప్పుడు గానీ, పెళ్ళయినాక గానీ ఎప్పుడైనా పడిపోయినావా?"

"పడిపోయేది ఏమీ లేదు."

"బాగా జ్ఞాపకం చేసుకో."

పద్మావతమ్మ చేతులు ఆగాయి. "ఒకసారి అమ్మవారి కరగ జాతర చూసేదానికి పోయి ఉంటిమి. కృష్ణప్ప అప్పుడు చంకలో బిడ్డ. జనం తోసుకుంటా ఉంటే నేనూ పరుగెత్తినా. అంతే తెలుసు. లేసేసరికి అందరూ నాకు మొక్కుతా ఉండారు. ఒంటిమీదికి అమ్మవారు వచ్చిందన్నారు. ఇంకోసారి ఇంట్లో అగ్గి అంటుకుంటే గాబరాతో పడితి. అప్పుడూ అమ్మవారే అన్నారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత రాలేదు. అమ్మవారు నన్ను మరిచిపోయింది" అని నవ్వింది.

అర్పిత నవ్వలేదు. "ఎందుకు ఆగిందవ్వా? అప్పుడు ఏమైనా కొత్తగా మొదలుపెట్టినావా? మొక్కు, తిండి, మందు, ఏదైనా సరే."

"మందు ఏముండాది, తలనొప్పి మాత్ర తప్ప. అప్పుడు నాకు సగం తల పగిలిపోయినట్టు నొప్పి వస్తా ఉండె. డాక్టరు చిక్కమునియప్ప అని పుణ్యాత్ముడు, దినమూ పొద్దున ఒకటి వేసుకోమన్నాడు. ఆయన పోయినాడు, నేను మాత్రం మాననేలేదు. మానితే నొప్పి వస్తాదేమోనని భయం."

"గుండెకు, బీపీకి ఏమైనా మందు వాడతావా అని మేము అడిగినప్పుడు లేదని చెప్పినావే?"

"ఇది తలకు కదమ్మా!"

రమ్య లోపలికి పోయి మాత్రల పట్టీ తెచ్చింది. దాని వెనక పేరును అర్పిత రెండుసార్లు చదివింది. తలనొప్పి రాకుండా ఇచ్చే మాత్రే, నిజమే. కానీ అది పుట్టింది గుండె కోసం. పరుగెత్తినప్పుడు ఊరే ఆ హార్మోను గుండెను తాకకుండా అడ్డుపడే మందు అది. కృష్ణప్ప వద్దన్నదీ ఆ జాతి మందే.

ఆ సంగతి ఆమె మెల్లగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పింది. కృష్ణప్ప ఎప్పుడు పైకి వచ్చాడో, గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. పద్మావతమ్మ మడత పెట్టిన చొక్కాను మళ్ళీ విప్పి ఒళ్ళో వేసుకుంది.

"నా యశ్వంత్ ఈ ఇంట్లోనే పెరిగినాడు. మాత్ర అలమారులోనే ఉండె" అంది.

కృష్ణప్ప వచ్చి తల్లి పక్కన కింద కూర్చున్నాడు. "అమ్మా, తెలిసుంటే నువ్వు ఇయ్యకుండా ఉంటివా? ఎవరికీ తెలీదు. డాక్టర్లకే తెలీదు. ఇప్పుడు తెలిసింది" అన్నాడు. చెబుతూ చెబుతూ తానే ఏడ్చాడు.

మర్నాడు అర్పిత అదే మందును పద్మావతమ్మ కణాలకూ, రమ్య కణాలకూ ఇచ్చి, ఆ మీద హార్మోను చుక్కలు వేసింది. కణాలు కాస్త వేగం పెంచి, లయ తప్పకుండా కొట్టుకున్నాయి. స్టాన్లీ కుర్చీలోంచి లేచి ఆమె భుజం తట్టాడు.

వారం తిరక్కుండా కుటుంబమంతా ల్యాబ్‌కు వచ్చింది. రమ్య మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు. "ఇంత చిన్నవి! వీటికోసమా నాయనా నా బ్యాగు మోసింది?" అంది. పద్మావతమ్మ తన పళ్ళెం చూసింది. రెండు చేతులూ జోడించి, చుట్టూ అందరూ ఉన్నారని గుర్తొచ్చి దించేసుకుంది. కృష్ణప్ప కూతురి కణాలను చూశాడు, మందు లేకుండా ఒకసారి, మందు వేశాక ఒకసారి.

"ఆ మాత్ర ఎప్పటినుంచి మొదలుపెట్టాల సార్?" అని స్టాన్లీని అడిగాడు.

"అది నేను చెప్పేది కాదు, డాక్టరు చెప్పాలి. రమ్యకే కాదు, మీకూ. మీలోనూ అదే అక్షరం ఉంది" అన్నాడు స్టాన్లీ.

డాక్టరు శ్రీనివాసులు ఆసుపత్రిలో కృష్ణప్ప ఛాతీకి తీగలు తగిలించి నడక యంత్రం మీద నడిపించాడు. నడక కాస్త వేగం కాగానే తెర మీది గుండె గీత చిందరవందర అయింది. నర్సు గబుక్కున యంత్రం ఆపేసింది. ఇన్నాళ్ళూ కూతురి వెనకాలే కాపలా తిరిగిన మనిషికి, ఆపద తన గుండెలోనూ ఉందని అప్పుడు తెలిసింది. "నువ్వు పరుగెత్తే రకం కాదు కాబట్టి బతికినావు. అవ్వను ఆ మాత్రే కాపాడిందని ఒట్టు పెట్టి చెప్పలేను గానీ, నా లెక్కలో అదే" అన్నాడు డాక్టరు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకే రోజు మాత్ర మొదలుపెట్టారు.

పందేలు మాత్రం వద్దన్నాడు డాక్టరు. రమ్య దానికి రెండు రోజులు అలిగింది. కానీ స్నేహితురాళ్ళతో కలిసి తన బ్యాగు తానే మోసుకుంటూ నడిచి వెళ్ళడం మొదలయ్యాక ఆ అలక నిలవలేదు. స్కూలువాళ్ళు నంది హిల్స్‌కు తీసుకుపోతే, ఆగి ఆగి మెట్లెక్కి, పైనుంచి తండ్రికి వీడియో కాల్ చేసింది. కృష్ణప్ప అంగడికొచ్చిన వాళ్ళందరికీ ఆ ఫోన్ చూపించాడు.

ఊరుకోనిది పద్మావతమ్మ. ఆ అక్షరం తన పుట్టింటి వైపు నుంచే వచ్చి ఉంటుందని అర్పిత చెప్పినప్పటి నుంచి ఆమె ఫోన్ కింద పెట్టలేదు. చింతామణి ఊరి వైపు ఉండే అన్నలు, వాళ్ళ పిల్లలు, మనవలు, ఎవరికి ఎప్పుడు కళ్ళు తిరిగాయో, ఎవరు చిన్న వయసులో పోయారో అందరినీ అడిగింది. బావిలో మునిగి చనిపోయాడనుకున్న అన్న కొడుకు ఈత బాగా వచ్చినవాడని అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరుతో మాట్లాడి ఒక ఆదివారం అందరినీ కాటన్‌పేటకు పిలిపించింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సు రక్తం తీస్తోంది. అర్పిత గచ్చు మీద కూర్చుని ఎవరు ఎవరికి ఏమవుతారో కాగితం మీద గీస్తోంది. ముసలివాళ్ళు, పిల్లలు వరసగా చేతులు చాపారు. పద్మావతమ్మ మేనల్లుడు, మీసాల చెన్నరాయప్ప మాత్రం సూది చూసి గోడకు ఆనుకుపోయాడు.

"అత్తా, రోగం ఉండాదని తేలితే ఏం చేసేది?"

"తేలితే మాత్ర. లేదని తేలితే ఊపిరి పీల్చుకుని ఇంటికి పోతావు" అంది పద్మావతమ్మ, వంటింట్లోంచి బెల్లం పూర్ణం పెట్టి చేసిన వేడి హోళిగల పళ్ళెం తెస్తూ. "ఏది తేలినా ఈ పొద్దు హోళిగ మాత్రం ఉండాది. చెయ్యి చాపప్పా."

పిల్లలు నవ్వారు. చెన్నరాయప్ప కళ్ళు మూసుకుని చెయ్యి చాపాడు.