ఆన్సెల్మ్ గ్రెబాదా హాజరు

బుధవారం సాయంత్రం ఏడు గంటల వార్తల్లో, ఆన్సెల్మ్ గ్రెబాదాను యాంబెలె ఊరి పాలనాధికారిగా, అంటే సబ్ ప్రిఫెక్ట్‌గా, నియమిస్తూ దేశాధ్యక్షుడి ఉత్తర్వు చదివారు. అప్పటికి గ్రెబాదా చనిపోయి నాలుగు నెలలైంది.

ఉత్తర్వులు రాజధాని బాంగీ నుంచి రేడియోలోనే వస్తాయి. పదవి వచ్చినవాడికీ, ఊడినవాడికీ కబురు అదే. గ్రెబాదా సబ్ ప్రిఫెక్ట్ కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ సాయంత్రం వార్తలు తప్పకుండా వినేవాడు. జ్వరంతో పోయిన రోజు కూడా రేడియో మంచం పక్కనే ఉంది.

ఆయన భార్య ఒడెట్ భర్త పోయినందుకు కట్టే నల్లబట్టల్లో వాకిట కూర్చుని కర్రపెండలం ఆకు దంచుతోంది. పక్కింటావిడ మామా యాసి వచ్చింది.

"విన్నావా చెల్లీ?"

"విన్నాను."

"మనవాళ్లు డప్పులు తీసుకుని బయల్దేరారు. సగం దారిలో గుర్తొచ్చి ఆగిపోయారు."

"ఆయన బతికుండగా చదివితే వీళ్ల నోరు అరిగిపోయేదా?" అంది ఒడెట్.

ఒడెట్ తమ్ముడు ఫిడెల్ అప్పుడు ఠాణాలో ఉన్నాడు. చీకటి పడ్డాక సైనికుల గేటు దాటాడని పట్టుకున్నారు. విడిచిపెట్టాలంటే సబ్ ప్రిఫెక్ట్ సంతకం కావాలి. ఈ ప్రాంతంలో తిరుగుబాటు కాల్పులు మొదలైనప్పుడు పాత సబ్ ప్రిఫెక్ట్ ఊరు విడిచి వెళ్లాడు. ఆ కుర్చీ ఖాళీ. సంతకం లేని ఖైదీలను శనివారం లారీలో ఉత్తరాన ఉన్న శిబిరానికి పంపుతారు. అక్కణ్నుంచి తిరిగొచ్చినవాళ్లు యాంబెలెలో లేరు.

గురువారం ఆమె కార్యాలయ కార్యదర్శి జోవా దగ్గరికి వెళ్లింది.

"పొరపాటు జరిగిందని రాజధానికి రాయండి బాబూ."

"రాస్తాను. కానీ ఉత్తర్వును ఇంకో ఉత్తర్వే రద్దు చేయాలి. అది ఎప్పుడొస్తుందో నన్ను అడక్కు తల్లీ."

"మరి ఫిడెల్?"

"సబ్ ప్రిఫెక్ట్ ఊళ్లో లేకపోతే ఆయన బదులు నేను సంతకం పెట్టొచ్చు. అయితే ముందు ఆయన పదవిలో చేరి ఉండాలి. రేపు పై అధికారి ప్రిఫెక్ట్ గారు వస్తున్నారు, పదవిలో కూర్చోబెట్టడానికి."

"ఎవర్ని? ఆయన్ని గోతిలోకి దించింది నువ్వు కాదూ?"

"తలవైపు పట్టుకున్నాను. ఆ బరువు నా చేతులకి ఇంకా గుర్తే. అయినా నాకు తెలిసింది వేరు, ఉత్తర్వులో ఉన్నది వేరు. సభలో పేరు పిలుస్తారు. ఎవరో ఒకరు పలకాలి. ఇంటివాళ్లు పలికినా చాలు."

యాంబెలెలో చనిపోయినవాణ్ని ఏడాది తిరిగి, కర్మ జరిగి, ఇంటివాళ్లు నల్లబట్టలు మార్చే రోజు వచ్చేదాకా నలుగురిలో పేరు పెట్టి పిలవరు. పిలిస్తే వస్తాడు.

"పిలవనివ్వకు," అంది మామా యాసి. "నీ మొగుడసలే పని పిచ్చోడు. కుర్చీ ఇస్తే మళ్లీ లేస్తాడా?"

"తమ్ముణ్ని లారీ ఎక్కించమంటావా అక్కా?"

గ్రెబాదా సబ్ ప్రిఫెక్ట్ దుస్తులు పదవి వస్తుందన్న ఆశతో ఏనాడో కుట్టించి పెట్టెలో దాచుకున్నాడు. ఒడెట్ వాటిని తెచ్చింది. శుక్రవారం ఉదయం కార్యాలయం ముందు కుర్చీ వేసి, వీపుకి కోటు తగిలించి, మీద టోపీ పెట్టారు. పోలీసులు వరుసలో నిలబడ్డారు. ప్రిఫెక్ట్ ఉత్తర్వు చదివి పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచాడు. గుంపులో ఒక ముసలాయన లేచి వెళ్లిపోయాడు. మూడోసారి పిలిచినప్పుడు ఒడెట్ అంది:

"ఉన్నారు."

ప్రిఫెక్ట్ కుర్చీ వైపు తిరిగి, "మిమ్మల్ని ఈ పదవిలో నియోగిస్తున్నాను," అన్నాడు. పోలీసులు వందనం చేశారు. ఆ మధ్యాహ్నం జోవా సంతకం పెట్టాడు. ఫిడెల్ ఇంటికి వచ్చి రెండు ముద్దల కర్రపెండలం తిని పడుకున్నాడు.

సోమవారం జోవా కబురు పంపాడు: సబ్ ప్రిఫెక్ట్ గారి భార్య నల్లబట్టల్లో తిరిగితే బాగుండదు. ఒడెట్ బట్టలు మార్చింది. ఏడాది నిండినప్పుడు కర్మ జరిపించమని ఊరిపెద్దను అడిగింది. "పదవిలో ఉన్నవాడికి కర్మేంటమ్మా? నన్ను ఊడగొట్టిస్తావా?" అన్నాడు ఆయన.

రోజూ పొద్దున తలుపు తీసేసరికి కుర్చీ వెనక్కి జరిగి ఉంటోందని కార్యాలయం కాపలాదారు చెప్పాడు. దీనికి రెండో సాక్షి లేడు. కోటు ఒడెట్ ఇంట్లో మేకుకి ఉండేది. దాని చేతుల అంచులకు వారం వారం సిరా అంటుతుండేది. అది మామా యాసి కూడా చూసింది. ఉతికింది ఆమే.

ఆ తర్వాత వర్షాలు తగ్గినప్పుడు మరో ఉత్తర్వు వచ్చింది. ఆన్సెల్మ్ గ్రెబాదాను ఊండా అనే ఊరికి బదిలీ చేశారు.

ఒడెట్ కోటు, టోపీ పెట్టెలో సర్ది తాళం వేసింది. లారీ ఎక్కించడానికి ఫిడెల్ ఒక కొస పట్టుకున్నాడు.

"రెండు గుడ్డలకి ఇంత బరువేంటక్కా? రాళ్లు పెట్టావా?"

జోవా వచ్చి రెండో కొస ఎత్తాడు. అక్కడే ఆగాడు. "ఇదే బరువు," అని, ఆనాడు తలవైపు పట్టినట్టే పట్టాడు.

"ముందు సీట్లో పెట్టు," అంది ఒడెట్ డ్రైవరు సాలేతో. "దుమ్ము ఆయనకి పడదు. ఊండా రాగానే పేరు పెట్టి చెప్పు. లేకపోతే దిగరు."

"చెప్తా వదినా. మా ఊరి ఆఫీసర్లలా దారంతా సణగరు కదా?"

"సణుగుతారు," అంది ఒడెట్.

లారీ వెళ్లాక ఆమె లోపలికి వెళ్లి నల్లబట్టలు కట్టుకుంది.

లారీ మర్నాడు మధ్యాహ్నం ఊండా చేరింది. దారిలో ముందు సీటు అడిగినవాళ్లను సాలే వెనక ఎక్కించాడు. కార్యాలయం ముందు బండి ఆపి, తలుపు తీసి, పేరు చెప్పి, కాసేపు ఆగాడు. తర్వాత పెట్టెను ఒంటిచేత్తో దించాడని వెనక కూర్చున్న ఇద్దరు ప్రయాణికులు చెప్పారు.