ఇంటి మరమ్మతులు

"మా ఇంట్లో ఖాళీయేనండీ, టైపు చేసేస్తారు," అని మా ఆయన ద్వారకానాథ్ మెల్‌బోర్న్‌లో తెలుగు సంఘం పత్రిక వేసే వాసుదేవరావుగారికి ఫోన్లో చెబుతున్నారు. ఆ 'ఇల్లు' నేనే. హిస్టరీ బి.ఏ., టైపు హయ్యర్. ఖాళీగా ఉన్న ఆ ఇల్లు అప్పటికి ఒక చెవి కుక్కర్ కూత మీద, ఇంకో చెవి పాప ఏడుపు మీద వేసి, హార్‌గ్రేవ్ వంశచరిత్ర టైపు కొడుతోంది.

మెల్‌బోర్న్ నుంచి వెర్రిబీ ఊరు దాటి మూడు గంటలు పోతే వచ్చే గొర్రెల ఊరు మాది. 1988, ఆస్ట్రేలియాకి రెండొందల ఏళ్ళ పండగ. ఈ నేలకి మొదట మందలు తోలుకొచ్చిన జోసయా హార్‌గ్రేవ్ డైరీని మునిమనవడు బిల్ పుస్తకంగా వేస్తున్నాడు. బిల్ ఆస్పత్రి బోర్డు చైర్మన్. మా ఆయన డాక్టరుద్యోగం పర్మనెంటు కావాలంటే ఆయన తలూపాలి. అందుకని నా టైపు ఉచితం.

జోసయా పొట్టేళ్ళన్నిటికీ పేర్లు పెట్టి రాశాడు. ఇంటి గురించీ బోలెడు రాశాడు. "ఇల్లు మళ్ళీ మొండికేసింది." "ఇల్లు రోజంతా మూలిగింది. కిటికీలకి మేకులు కొట్టాను." గాలికి చెక్కలు మూలిగేవనుకుని బిల్ ఇవన్నీ 'ఇంటి మరమ్మతులు' అనే చాప్టర్లో పెట్టాడు. మొదటి భార్య ఫ్లోరా ఒంటరితనం భరించలేక స్కాట్లాండ్ వెళ్ళిపోయిందని ముందుమాటలో రాసుకున్నాడు.

ఆ చాప్టర్లో ఆఖరి ముక్క: "ఇవాళ్టికి ఇల్లు నిశ్శబ్దం. పాత బావి పూడ్చేశాను."

నా వేళ్ళు ఆగిపోయాయి. బిల్‌కి తట్టలేదంటే సరే, పదేళ్ళుగా ఇల్లుగా ఉన్నదాన్ని, నాకు తట్టకపోతే ఎలా?

"ఏవండీ, ఇది ఇల్లు కాదు. మనిషి."

ఆయన చదివారు. రెండోసారి మెల్లగా చదివారు.

"ఉన్నది ఉన్నట్టు కొట్టు. వచ్చే నెల బోర్డు మీటింగు."

"మీకు అర్థమైందా?"

"అయింది కాబట్టే చెబుతున్నా."

లేచి నా పక్క కిటికీ మూసి, గడియ పెట్టారు. "చలిగాలి," అన్నారు. ఫిబ్రవరి. బయట ముప్పై ఎనిమిది డిగ్రీలు.

ఆయన ఆస్పత్రికి వెళ్ళాక కొత్త కాగితం ఎక్కించాను, వెనక రెండు కార్బన్లు పెట్టి. "ఫ్లోరా ఎక్కడికీ వెళ్ళలేదు. పాత బావి తవ్వించండి. కాత్యాయని."

ఒకటి బిల్‌కి. ఒకటి పోలీస్ స్టేషన్‌కి. మూడోది విజయవాడలో మా అక్క లీలకి, కింద చేత్తో ఒక్క ముక్క చేర్చి: "నేను ఎటో వెళ్ళిపోయానని మీ మరిది రాస్తే నమ్మకు."