జాతర సీనులో అక్క

హుజూర్‌నగర్‌లో నర్సింగమ్మకున్నంత సినిమా పిచ్చి ఎవరికీ లేదు. టీవీలో మధ్యాహ్నం నలుపు తెలుపు బొమ్మ పడితే చాలు, మిరపకాయలకు తొడిమెలు తీస్తూ కదలకుండా కూర్చునేది. విడిపోయిన అన్నదమ్ములు కలుసుకునే చోట ఎన్నిసార్లు చూసినా ఏడ్చేది. అయితే ఆమె కళ్లు హీరో మీదకన్నా వెనక నిలబడ్డ జనం మీదే ఎక్కువ తిరిగేవి.

ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు కృష్ణ ఒడ్డున ఏదో కుటుంబ సినిమా తీశారు. జాతర సీను కోసం చుట్టుపక్కల ఊళ్ల జనాన్ని రమ్మన్నారు. పదహారేళ్ల అక్క సోమమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని వెళ్లింది. పొద్దుగూకేసరికి అక్క శవం నీళ్లలో దొరికింది.

"సినిమా పిచ్చిల పడి పానం తీసుకుంది," అన్నాడు వాళ్ల తండ్రి. ఆ తర్వాత ఇంట్లో తిట్టడానికి తప్ప ఆమె పేరు ఎత్తలేదు. ఒక్క ఫోటో అయినా లేదు. ఆ సినిమా పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. అందుకే నర్సింగమ్మ ఏ పాత సినిమానూ వదిలేది కాదు.

పోయిన ఎండాకాలం మనవరాలు నిరోష ఫోను పట్టుకుని వచ్చింది.

"అవ్వా, గీ సినిమా మన కృష్ణకాడనే తీసిన్రంట."

జాతర పాట మొదలైంది. జనమంతా కెమెరా వైపే చూస్తూ నవ్వుతున్నారు. ఒక్క పిల్ల మాత్రం అటూ ఇటూ తిరుగుతూ, నోరు తెరిచి ఎవరినో పిలుస్తోంది.

"ఆపు బిడ్డా!" అంది నర్సింగమ్మ.

"ఏమంటాంది గా పిల్ల? పాటల ఏం ఇనవడ్తలేదు."

నర్సింగమ్మకు తెలిసింది. ఆ పిల్ల సోమమ్మే. ఆ పెదాల మీద ఉన్నది తన పేరే. ఆ రోజు కెమెరాను దగ్గరగా చూడాలని అక్క చెయ్యి విడిపించుకుని పరుగెత్తింది తనే. ఇంటికొచ్చాక దెబ్బలకు భయపడి, "అక్కనే నన్ను ఇడిసిపెట్టి పోయింది," అని చెప్పింది. తనను వెతుక్కుంటూనే అక్క నీళ్లలోకి దిగి ఉంటుంది.

మర్నాడు నిరోషను తీసుకుని కట్టంగూర్ బస్సెక్కింది. అక్కడ అన్న యాదయ్య గొర్లను మేపుకుంటూ బతుకుతున్నాడు. దొడ్డి దగ్గరే నిలబడి అంతా చెప్పేసింది.

యాదయ్య దొడ్డి తడిక మూసి ఇటు తిరిగాడు.

"యాభై ఏండ్ల సంది నేను దాన్ని తిడుతున్న. నువ్వు పక్కన కూసోని ఇన్నవు."

"ఇన్న, అన్నా."

"ఏదీ, చూపియ్యి."

నిరోష ఫోను పెట్టింది. అక్క కనిపించింది, పోయింది. యాదయ్య మళ్లీ పెట్టమన్నాడు. నాలుగోసారికి ఆయన తెర మీద అక్క ముఖం పక్కన వేలు పెట్టాడు.

"గింత చిన్న పిల్లనానే మా అక్క! నా యాదిల పెద్ద మనిషి లెక్క ఉండే."

చెల్లెలి ముఖం చూడకుండానే గొర్ల వెనక వెళ్లిపోయాడు.

ఆ ఏడు, చనిపోయినవాళ్లను తలుచుకునే పెత్రమాసకు, ఆయన మొదటిసారి సోమమ్మ పేరున బియ్యం ఇచ్చాడు. నర్సింగమ్మను పిలవలేదు. నిరోష చెబితేనే ఆమెకు తెలిసింది.

నర్సింగమ్మ సినిమాలు చూడటం మానలేదు. కానీ ఇప్పుడు తెర మీదికి జనం రాగానే శబ్దం పూర్తిగా తీసేసి వాళ్ల పెదాలనే చూస్తుంది.

"సప్పుడు ఎందుకు బంద్ చేస్తవవ్వా?" అని నిరోష అడిగింది.

"పాట అడ్డమొస్తాంది బిడ్డా," అని నర్సింగమ్మ తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.