మేడ ముడుచుకునే వారం

పన్నుల వారం వచ్చిందంటే టైలరమ్మ పొద్దున్నే కొట్టు తెరిచి, మిషనుకి నూనె వేసి, కిటికీ దగ్గర ఒక స్టూలు తుడిచి పెట్టేది. ఎదురింటి పెద్దామె వచ్చి కూర్చుంటుంది కదా. ఎంత బాగుండేవో ఆ రోజులు.

ఎదురిల్లంటే మూడంతస్తుల మేడ, పెద్దామె కొడుకుది. పన్ను ఆఫీసరు కొలతలకి వచ్చేముందు ఇంట్లోవాళ్లంతా బయటికి వచ్చేసేవారు. లోపల ఊపిరి పీల్చే మనిషి ఒక్కరున్నా మేడ ముడుచుకోదు. అప్పుడు ఆడిటరు గేటు దగ్గర నిలబడి మినహాయింపులు చదివేవాడు. "తరుగుదల" అనగానే పై అంతస్తు కిందికి దిగేది. "ఇంట్లోనే ఆఫీసు" అనగానే గోడలు దగ్గరికి జరిగేవి. "దానధర్మాలు" దాకా వచ్చేసరికి మేడ కోళ్లగూడంత అయ్యేది. ఆఫీసరు వంగి కొలుచుకుని, టీ తాగి వెళ్లేవాడు. వారం తిరిగేసరికి మళ్లీ మూడంతస్తులూ లేచేవి. అంతా చట్టప్రకారమే.

టైలరమ్మ కొట్టు మాత్రం అంగుళం తగ్గేది కాదు. "ముడుచుకోవడానికైనా పెట్టి పుట్టాలి పెద్దమ్మా" అని నవ్వేది.

ఆ వారం కొడుకూ కోడలూ హోటల్లో దిగేవారు. పెద్దామె కొట్లో కూర్చుని గుండీలు కుట్టేది. పెళ్లికి ముందు ఆమెదీ కుట్టుపనే. మేడలో సూది ముట్టనివ్వరు. మామూలు రోజుల్లో ఆమె గేటు దాటినా కొడుక్కి నామోషీ.

ఒక ఏడు ఆమె వచ్చేసరికి టైలరమ్మ మిషన్ని గోనెపట్టాలో చుడుతోంది.

"ఇదేంటమ్మాయ్?"

"ఖాళీ చేస్తున్నా పెద్దమ్మా. వీధి మొత్తానికి ఇంత పన్ను అని ఆఫీసువాళ్ల లెక్క. ఒకచోట తగ్గితే ఇంకోచోట పెరగాలిగా. ఈ కొలతలయ్యాక మళ్లీ పెంచుతారట. ఇక నా వల్ల కాదు."

"తగ్గేది మావాడిదేనా?"

టైలరమ్మ తలెత్తకుండా తాడు బిగించింది.

పెద్దామె వచ్చిన దారినే వెనక్కి వెళ్లి, మేడ హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆడిటరు చదివాడు. మేడ కదల్లేదు. గొంతు పెంచి చదివాడు. కాస్త సున్నం రాలింది, అంతే.

"అమ్మా, ఆఫీసరు వచ్చేస్తున్నాడు, బయటికి రా" అన్నాడు కొడుకు కిటికీ బయట నుంచి.

"మోకాళ్లు పట్టేశాయిరా. లేవలేను."

ఆఫీసరు నిచ్చెన తెప్పించుకుని సాయంత్రం దాకా కొలిచాడు. వీధిలో మిగతా అందరి పన్నూ తగ్గింది. టైలరమ్మ గోనెపట్టా విప్పి మిషను మళ్లీ ఉన్నచోటే పెట్టుకుంది.

ఆ తర్వాత నుంచి ఆఫీసరు చెప్పాపెట్టకుండా రావడం మొదలుపెట్టాడు. పెద్దామె ఎప్పుడు గడప దాటుతుందా అని ఆడిటరు గేటు దగ్గరే కాచుక్కూర్చునేవాడు. టైలరమ్మని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు.

"కాస్త అలా గాలికి తిరిగిరామ్మా, ఎదురు కొట్టుకైనా సరే" అని కొడుకే బతిమాలేవాడు.

"బయటేముందిరా, ఇక్కడే హాయిగా ఉంది" అనేది పెద్దామె. ఆ కొట్లో గడిపే నాలుగు రోజుల కోసమే ఏడాదంతా ఎదురుచూసేదని ఆమె ఎవరికీ చెప్పలేదు.