గేటు పక్కన నిమ్మగడ్డి

ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. చూపు మందగించాక అత్తగారు ఒక సాయంత్రం నేరుగా పక్కింట్లోకి వెళ్ళి, సోఫాలో దర్జాగా కూర్చుని, "ఈ బల్ల ఎవరు జరిపారే?" అని కేకలేసింది. పక్కింటివాళ్ళు నవ్వేసి ఊరుకున్నారు గానీ కొడుక్కి నవ్వు రాలేదు.

"ఇకమీదట ఒంటరిగా గడప దాటొద్దమ్మా" అన్నాడు.

ఉద్యోగకాలమంతా బస్సు కండక్టరుగా ఊరు చుట్టిన మనిషి ఆవిడ. ఆ మాటతో కాళ్ళు కట్టేసినట్టయింది. తిండి సయించలేదు.

ఆ ఎండాకాలం గేటు బయట పక్కనున్న మడిలో గులాబీలు నిలువునా మాడిపోయాయి. కోడలు కొత్త మొక్కల కోసం బయల్దేరుతుంటే, "నేనూ వస్తా" అంటూ అత్తగారు చెప్పులు వేసుకుంది.

నర్సరీలో కోడలి చూపు క్రోటన్ల మీద పడింది. "ఎన్ని రంగులో! ఇంటికే కళ వస్తుందత్తయ్యా."

"కళ మీకొస్తుంది, నాకేమొస్తుంది?" అంటూ ఆవిడ వంగి, ఒక్కో ఆకూ నలిపి వాసన చూడసాగింది. కొన్నిటికి మొహం చిట్లించింది. నిమ్మగడ్డి దగ్గర ఆగిపోయింది. మరువం దగ్గర మళ్ళీ ఆగింది.

"ఇవి మన వీధిలో ఇంకెవరింటి ముందైనా ఉన్నాయా?"

కోడలికి అప్పుడు వెలిగింది. "ఒక్కరింటి ముందూ లేవు!" అంది. క్రోటన్లను ఎక్కడివక్కడే వదిలేసింది.

నడిచేవాళ్ళ బట్టలకు రాసుకునేలా నిమ్మగడ్డిని మడి అంచున నాటారు. మెట్ల పక్కన మరువం పెట్టారు.

"ఒక్క పువ్వయినా లేదు, ఆవును తెస్తున్నారా ఏంటి?" అని కొడుకు వెక్కిరించాడు. అత్తాకోడళ్ళు నవ్వుకుంటూ మొక్కలకు నీళ్ళు పోశారు.

వానలు పడి గడ్డి గుబురుగా ఎదిగాక, ఒక ఉదయం ఆవిడ సంచీ అందుకుంది. "వీధి చివర కొట్టుకెళ్ళి రొట్టె తెస్తా."

కొడుకు నోరు తెరిచేలోపే కోడలు అతని చెయ్యి పట్టుకుంది. అయినా ప్రాణం ఒప్పక అతను దూరదూరంగా వెనకాలే వెళ్ళాడు.

తిరిగొస్తూ ఆవిడ గోడలు తడుముకోలేదు. తలెత్తుకునే నడిచింది. ఒక్కో గేటూ దాటింది, పక్కింటిదీ దాటింది. గడ్డి మోకాళ్ళకు తగలగానే గుప్పున వాసన లేచింది. టక్కున ఆగి, సరిగ్గా తన గేటు గడియ మీద చెయ్యి వేసింది.

"చెప్పులు ఈడుస్తూ ఇంతసేపు వెంటపడ్డావుగా, వచ్చి ఈ సంచీ పట్టుకో" అంది వెనక్కి తిరక్కుండానే.

కొడుకు సిగ్గుపడుతూ సంచీ అందుకున్నాడు. నవ్వాపుకోలేకపోయాడు.

"రేపు పార్కుకి వెళ్తున్నా" అందావిడ మెట్లెక్కుతూ. "నువ్వు రానక్కర్లేదు."