రాతి మీద పేరు

"ఈ రాయి తీసేస్తే ఇక్కడ ఫ్రిజ్ పడుతుంది" అన్నాడు నా భర్త మంగరాజు, నేను అన్నం వారుస్తుండగా.

షార్జాలో మా రెండు గదుల ఇంట్లో, వంటగది మూలన ఉండేది బొమ్మ గీసి కాగితం మీద అచ్చు తీసే నా శిలాముద్రణ రాయి. బరోడాలో ముద్రణకళ చదివి నేను సంపాదించుకున్నది అదొక్కటే. "మా కోడలు కాపరానికి రాయి మోసుకెళ్ళింది. గంధం తీసుకోడానిక్కూడా పనికిరాదు" అని మా అత్తగారు ఊరంతా చెప్పేవారు. వంట ముగిశాక దాని మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మలు గీసేదాన్ని. ఇసుకా నీళ్ళూ వేసి అరగదీసి, మళ్ళీ గీసేదాన్ని.

1981లో అదే రాయి అతనికి అవసరమైంది. అతని కంపెనీ కడుతున్న హోటల్ గదులకు, ఒక ఫ్రెంచి చిత్రకారుడు దాదాపు నూటయాభై ఏళ్ళ కిందట గీసిన జనానాలోని ఆడవాళ్ళ బొమ్మ కావాలన్నాడట పై అధికారి. అక్కడ ముదీర్ అంటారు. "మా ఇంట్లోనే అచ్చవుతుంది సార్" అని మాటిచ్చి, పాత చేతి ప్రెస్సు కూడా తెచ్చాడు మంగరాజు. నన్ను అడగలేదు.

ఆ చిత్రకారుణ్ణి గురించి చదువుకున్నాను. ఉత్తర ఆఫ్రికా వెళ్ళాడు. రాతి మీద ప్రయోగాలు చేశాడు. ఇంటి మగవాడు ఒప్పుకున్నందువల్ల అంతఃపురంలో అడుగుపెట్టగలిగాడు. ఆ స్త్రీలు ఒప్పుకున్నారని మాత్రం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మగవాడు తలుపు తీశాడు, మగవాడు గీశాడు, మగవాళ్ళు గోడకు తగిలించుకున్నారు. ఆ వరుసలో ఇప్పుడు నా చేయి కూడా చేరుతోంది. నాకు ఒళ్ళు మండింది.

బొమ్మలో ముగ్గురు కూర్చుని ఉంటారు. వెనక పనిమనిషి తెర పట్టుకుని నిలబడి ఉంటుంది.

"ఆ పనిదాన్ని తీసెయ్ రత్నం. గదికి అద్దె కట్టినోడు దాని మొహం చూడాలా?"

"మరి తెర ఎవరు పట్టుకుంటారండీ?"

"అదే నిలబడుద్దిలే. నీకన్నీ సందేహాలే."

తీసేశాను. బొమ్మ పూర్తవగానే నా చేతిలోని పెన్సిలు లాక్కుని, కింద తన పేరు రాశాడు. "ఆడవాళ్ళ పేరుంటే ముదీర్ చులకనగా చూస్తాడు" అన్నాడు.

రాతి మీది గీత కాగితం మీద తిరగబడి పడుతుంది. అందుకే అక్షరాలను అద్దంలో కనబడేటట్టు తిప్పి రాయాలి. పెళ్ళయిన ఏడేళ్ళూ అతని కంచం పక్కనే నేనలా రాశాను. ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే చాలు. అతను రాసింది రాసినట్టే ఉంచి ప్రెస్సు తిప్పాను.

"ఇదేంటే, నా పేరు తిరగబడింది? ముందే ఏడవొచ్చుగా?"

"మీరు అడగలేదండీ."

"సాయంత్రానికల్లా సరిచెయ్" అని ఆఫీసుకు వెళ్ళాడు.

రాతి మీద ఇసుక చల్లాను. ముందు అతని పేరు అరిగింది, తరవాత కూర్చున్న ముగ్గురూ. ఖాళీ రాతి మీద మొట్టమొదట పనిమనిషిని గీశాను. ఆమె చేతుల్లో తెర లేదు. సాయంత్రం అతను వచ్చి టీ అడిగేసరికి, ఆమె పాదాల కింద, కుడి నుంచి ఎడమకు, నా పేరు రాస్తున్నాను.