వాకిట్లో ఆయిల్ మరక

ముగ్గు వేయాలంటే ముందు మరక పోవాలి. మరక పోవాలంటే సర్ఫ్ చల్లాలి, కాసేపు నాననివ్వాలి, కొబ్బరి పీచుతో నడుం పడిపోయేలా రుద్దాలి, పైన బకెట్లకు బకెట్లు నీళ్లు గుమ్మరించాలి. అంతా చేశాక చూస్తే ఆ నలుపు కాస్త పలచబడి, ఇంకాస్త వెడల్పై, నింపాదిగా అక్కడే ఉంటుంది. చిక్కడపల్లి సందులో అందరి గేట్ల ముందూ తెల్లవారేసరికి ముగ్గులు పడితే, రాజకుమారి గేటు ముందు మాత్రం సబ్బు నురగ పారుతూ ఉండేది. ఎదురింటి కమలాకుమారి పాల ప్యాకెట్లు అందుకుంటూ "మీ కారు ఇంకా బాగ కాలేదా రాజకుమారీ?" అని పరామర్శించేది, ఇంట్లో మంచం పట్టిన మనిషి గురించి అడిగినట్టు.

కారు ఉండేది గేటుకూ గుమ్మానికీ నడుమ ఉన్న కొద్దిపాటి జాగాలో. ఇంజను కింద బొట్లు బొట్లుగా పడిన ఆయిల్ నేల వాలు పట్టుకుని గేటు దాకా వచ్చేది. "లక్ష్మి అడుగు పెట్టే జాగల గీ నల్ల మరకేంది?" అని అత్తగారు విద్యావతి పొద్దున్నే గుమ్మంలో నిలబడి గోడకు చెప్పినట్టు చెప్పేది. గోడ ఏం చేస్తుంది? రాజకుమారే పీచు పట్టుకునేది. ఆ మరక కడగడం ఎవరి పని అన్న చర్చ ఆ ఇంట్లో ఒక్కనాడూ రాలేదు. అది ఎవరి వల్ల వచ్చిందో ముందే తేలిపోయింది మరి.

ఎలా తేలిందో చెప్పాలంటే ఆ ఏటి దసరా దగ్గరికి వెళ్లాలి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులవి. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. రాజకుమారి భర్త జగన్మోహన్ ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని సమ్మె టెంటుకు నడిచి వెళ్లి, సాయంత్రం గొంతు బొంగురుపోయి వచ్చేవాడు. రాజకుమారి తార్నాక దగ్గర ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో అకౌంట్లు చూస్తుంది. దానికి సమ్మె లేదు, సెలవూ లేదు. ఆటోవాళ్లు కనికరిస్తే ఒక రోజు, లేకపోతే లేదు. చివరికి జగన్మోహనే "ఇగ కారు తీస్కపో. మెల్లగ పో. హారన్ కొట్టుకుంట పో" అని తాళం చేతిలో పెట్టాడు. ఎప్పుడో సరదాపడి అశోక్ నగర్ డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని తెచ్చుకున్న లైసెన్సు అప్పటిదాకా బీరువాలో పట్టుచీరల కింద నిద్రపోతూ ఉంది.

ఆ రోజుల గురించి రాజకుమారి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? అద్దాలు ఎత్తుకుని, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటి విద్యానగర్ మీదుగా వెళ్లడం, రావడం. అంతే. కానీ ఆ కాస్త దూరంలో ఆమెను ఎవరూ ఏమీ అడగరు. నా సాక్సులేవి, చట్నీలో ఉప్పేసినవా, గ్యాస్ బుక్ చేసినవా, కరెంటు బిల్లు కట్టినవా అని అడగరు. బస్సులో మీద పడేవాళ్లు లేరు, పక్కకు జరగమని మోచేత్తో పొడిచేవాళ్లు లేరు. ఒకరోజు విద్యానగర్‌లో కారు పక్కకు ఆపి, కిటికీలోంచే టీ తెప్పించుకుని, లోపలే కూర్చుని తాగింది. ఎవరికీ పోయకుండా తనొక్కతే తాగిన టీ! నలభై రెండేళ్ల మనిషికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత చిన్నదానికి ఇంత సంతోషమేమిటని తనమీద తనకే జాలేసింది.

దసరాకు కారు పూజ జరిగింది. ఆ మూడు రోజులూ రాజకుమారి దూరంగా కూర్చోవలసిన రోజులు కావడంతో గుమ్మం లోపలి నుంచే చూసింది. అత్తగారు పళ్లెం పట్టుకుంటే కొడుకు నాలుగు చక్రాలకూ బొట్లు పెట్టాడు, నిమ్మకాయలు తొక్కించాడు. "కారుకు పానమంటె ఇంజనే గద బిడ్డా, దానికి గూడ కట్టు" అని తల్లి అంటే బానెట్ ఎత్తి ఇంజనుకూ పసుపు దారం కట్టాడు. పండుగ వెళ్లిన తర్వాత కాబోలు, విద్యానగర్‌లో రంగు వేయని ఒక స్పీడ్ బ్రేకర్ రాజకుమారి కంటపడలేదు. కారు ఎగిరి పడింది. కింద టక్కుమని చప్పుడైంది. ఆ సంగతి ఆమె చెప్పకపోతే పిట్టకైనా తెలిసేది కాదు. కానీ దాచడం చేతకాని మనిషి. సాయంత్రం ఇంటికి రాగానే తనే చెప్పింది. ఆ వారంలోనే బండల మీద నల్లటి బొట్లు కనబడ్డాయి.

జగన్మోహన్ గొంతుక్కూర్చుని కారు కిందికి తొంగిచూశాడు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "చాంబర్ పలగ్గొట్టినవ్" అన్నాడు.

నారాయణగూడలో వాళ్లు ఎప్పుడూ చూపించే మెకానిక్ కనకయ్య. ఆయన అడిగిన మొదటి మాట "ఎవరు నడిపిన్రు సార్?" అని. జవాబు వినగానే ఇంజను అడుగున ఆయిల్ ఉండే చాంబరే దెబ్బతిన్నదని ఒప్పుకున్నాడు. దాని ప్యాకింగ్ మార్చాడు. కారడం ఆగలేదు. మళ్లీ మార్చాడు. ఆగలేదు. "కిందికెళ్లి ఒక్కసారి దెబ్బ తాకిందంటె గంతే సార్, ఆయిల్ పోసుకుంట నడుపుకోవాలె" అని చేతులు తుడుచుకున్నాడు. ఈలోగా సమ్మె అయిపోయింది, బస్సులు వచ్చాయి, తాళం జగన్మోహన్ జేబులోకి వెళ్లిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా టీ కంటే ముందు ఈ కథ వచ్చేది. "మా ఆవిడ కారు నడుపలే, గుట్టలెక్కిచ్చింది" అని ఆయన అంటే వచ్చినవాళ్లు నవ్వేవారు. టీ తెచ్చిన మనిషి కూడా నవ్వాలి కాబట్టి రాజకుమారీ నవ్వేది. ఆదివారం మాత్రం తాళం ఆమె చేతికి వచ్చేది. "లోపల తుడువు. సీట్ల కింద గూడ తుడువు. స్టార్ట్ చెయ్యకు."

అన్నిటికంటే కష్టం ఏమిటంటే, రాజకుమారి కూడా నమ్మింది. బస్సు విద్యానగర్‌లో ఆ స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా కిటికీలోంచి కిందికి చూసేది. చూసి నడిపితే ఏం పోయేది, ఇంత పరేషాన్ ఉండేది కాదు కదా అని తనను తనే తిట్టుకునేది. పొద్దున మరక రుద్దుతుంటే అది తనకు పడిన శిక్షే అనిపించేది, న్యాయంగానే పడిందనీ అనిపించేది.

ఒక ఆదివారం జగన్మోహన్ బానెట్ ఎత్తి ఆయిల్ పోస్తున్నాడు. పక్కన గుడ్డ పట్టుకుని నిలబడటం భార్య పని. నిలబడి ఊరికే ఉండక చూసింది. మూత చుట్టూ, ఇంజను వెనక వైపూ అంతా తడిగా జిడ్డుగా ఉంది.

"కింద పగిలితే పైన ఎందుకు తడిగ ఉంది?" అంది.

"పోసేటప్పుడు ఒలకదా? నువ్వు బట్ట సక్కగ పట్టుకో" అన్నాడు.

గుడ్డ చక్కగానే పట్టుకుంది. కానీ ఆ తడి ఆమె బుర్రలోంచి పోలేదు. వంటింట్లో పై అరలో ఉన్న నూనె డబ్బా కారితే జిడ్డు తేలేది కింది అరలో. జిడ్డు ఉన్నచోట ఎంత తుడిచినా లాభం లేదు, పై అర చూడాలి. ఏళ్లకేళ్లు అలమరలు తుడిచిన మనిషికి ఇది ఒకరు చెప్పాలా? మరి కారు కిందనే అందరూ ఎందుకు చూస్తున్నారు? తన మాట వినగానే అందరి తలలూ కిందికి వంగాయి, అందుకు.

ఆ తర్వాతి ఆదివారం తల్లీకొడుకులు కాచిగూడలో చుట్టాలింటి బారసాలకు ఆటోలో వెళ్లారు. ఆయిల్ కారే కారు వేసుకుని నలుగురిలోకి పోవడం జగన్మోహన్‌కు నామోషీ. తుడవడానికి తాళం ఇంట్లోనే ఉంచి వెళ్లాడు. రాజకుమారి బానెట్ ఎత్తింది. పాత లంగా చింపి కిరోసిన్‌లో ముంచి ఇంజనంతా తుడిచింది. పెరుగు గిన్నె తోమినంత శ్రద్ధగా తుడిచింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురు తన్మయి పుస్తకం పక్కనపెట్టి బయటికొచ్చింది.

"ఏం చేస్తున్నవమ్మా?"

"నీ పౌడర్ డబ్బా ఇటు తే."

"ఇంజనుకు పౌడరా!" అని పకపకా నవ్వి, తెచ్చి ఇచ్చింది. తల్లీకూతుళ్లు ఇంజను మీద తెల్లగా పౌడర్ చల్లారు. తడి మొదట ఎక్కడ తేలితే అక్కడే కారుతున్నట్టు. ఇక స్టార్ట్ చేయాలి. చేయొద్దన్న మాట గుర్తుంది. రాజకుమారి సీట్లో కూర్చుని తాళం తిప్పింది. ఇన్ని నెలల తర్వాత స్టీరింగు అరచేతుల కింద సన్నగా వణికింది. రివర్స్ గేరు వేస్తే గేటు, గేటు దాటితే సందు, సందు దాటితే ఊరంతా. ఆమె గేరు ముట్టుకోలేదు. ఇంజను వేడెక్కేదాకా కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది.

"అమ్మా! ఇటు రా! దొరికింది!" అని తన్మయి అరిచింది.

కింద ఎక్కడా తడి లేదు. పైన, ఆయిల్ పోసే మూత దగ్గర పౌడర్ నల్లబడింది. అక్కడి నుంచి ఒక సన్నటి గీత ఇంజను వెనకగా కిందికి దిగుతోంది. మూత మెడకు కట్టిన పసుపు దారం మూత కింద నలిగి ఇరుక్కుని, దీపంలో వత్తిలా లోపలి నూనెను బయటికి లాగుతోంది. ఎన్నిసార్లు తీశారు ఆ మూతను! జగన్మోహన్ తీశాడు, కనకయ్య తీశాడు. తీసిన ప్రతిసారీ దారాన్ని భక్తిగా పక్కకు జరిపి, మళ్లీ దాని మీదే మూత బిగించారు. పూజ దారం తెంపడానికి ఇద్దరికీ చెయ్యి రాలేదు. పెళ్లాం మీద నేరం వేయడానికి మాత్రం ఏ భయమూ అడ్డు రాలేదు.

"నాన్న కట్టిన దారమేనమ్మా! నీ తప్పే లేదు!" అని తన్మయి చప్పట్లు కొట్టింది. రాజకుమారి గుమ్మం మెట్టు మీద కూలబడి, కిరోసిన్ చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. తర్వాత లేచి కత్తెర తెచ్చి దారం కత్తిరించింది, మూత బిగించింది. వెంటనే ఎవరికీ చెప్పలేదు. వారమంతా పొద్దున్నే లేచి వాకిలి చూసుకుంది. బండలు పొడిగా ఉన్నాయి. మళ్లీ ఆదివారం వచ్చాక, టీ తాగుతున్న భర్తకూ అత్తగారికీ, కాగితంలో చుట్టిన దారం ముందు పెట్టి, జరిగిందంతా వరసగా చెప్పింది.

జగన్మోహన్ అంతా విన్నాడు. "స్టార్ట్ చేసినవా?" అన్నాడు.

విద్యావతి అయితే దారాన్నే చూస్తోంది. "కత్తెర పెట్టినవా? దేవుని దారానికి కత్తెర పెడ్తరా ఎవరన్న?"

"తెంపితేనే ఆగింది అత్తమ్మా."

"ఆగితె మంచిదే గద, ఇగ ఆ ముచ్చట వదిలెయ్యి" అన్నాడు జగన్మోహన్, పేపరు తిప్పుతూ.

"మరి తాళం?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తాళమేంది? బస్సులు నడుస్తున్నయి గద."

"చాంబర్ పలగ్గొట్టిననే గద తీస్కున్నరు. పగలలేదు. నా తోటి కారలేదు."

"సరే, ఆయిల్ దారం తోటి కారింది. స్పీడ్ బ్రేకర్‌కు కొట్టినవా, లేదా?"

"కొట్టిన."

"మరి?"

రాజకుమారి దారాన్ని మళ్లీ కాగితంలో చుట్టింది. నిజం తేలితే చాలు, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయని వారమంతా అనుకుంది పిచ్చిది. ఆ రోజు నుంచి తుడవడానికి కూడా తాళం ఇవ్వలేదు. ఆయన పక్కన నిలబడి తలుపు తీస్తే ఆమె తుడిచేది.

ఎండలు ముదిరి, తన్మయి పరీక్షలు అయిపోయిన రోజుల్లో జగన్మోహన్ ఆఫీసు స్నేహితుడు కిషన్ రావు ఒక సాయంత్రం ఇంటికొచ్చాడు. "కారు మంచిగైనట్టుందే!" అన్నాడు. "ఆఁ, దారం ఇరికింది మూతల. కొద్దిగ చూసినం, దొరికింది" అన్నాడు జగన్మోహన్. చూసింది ఎవరో ఆ మాటలో లేదు. మనసు బాగుండి కూతురి వైపు తిరిగాడు. "పద్దెనిమిది నిండనియ్యి బిడ్డా, నీకు కారు నేర్పిస్త."

తన్మయి సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. "వద్దు నాన్న! నేను గూడ అమ్మ లెక్కనే చాంబర్ పలగ్గొడ్త!"

కిషన్ రావు పగలబడి నవ్వాడు. జగన్మోహన్ నవ్వాడు. విద్యావతి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ట్రే పట్టుకుని నిలబడ్డ రాజకుమారికి మాత్రం ఈసారి నవ్వు రాలేదు. ఆమె నవ్వలేదని కూడా ఎవరూ చూసుకోలేదు.

తర్వాత బిస్కెట్ల కోసం తన్మయి వంటింట్లోకి వచ్చింది. రాజకుమారి గొంతు తగ్గించి అడిగింది. "తనూ, పౌడర్ తెచ్చింది నువ్వే గదనే. దారం ముందు చూసింది నువ్వే గద. నా తోటి కారలేదని నీకు తెల్వదా?"

"తెలుసమ్మా" అంది తన్మయి, డబ్బాలో చెయ్యి పెట్టి వెతుక్కుంటూ. "ఊకెనే అన్న. నవ్వనీకి." బిస్కెట్ నోట్లో పెట్టుకుని, తల్లి బుగ్గ ఒకసారి గిల్లి, వెళ్లిపోయింది.

రాజకుమారి పొయ్యి ముందు అలాగే నిలబడిపోయింది. ఆయనకు తెలుసు. అత్తమ్మకు తెలుసు. దీనికీ తెలుసు. తెలియనివాళ్లకైతే చెప్పుకోవచ్చు.